మృగశిర పదునులో మంచు హాకీ

మా ఊళ్లో ఐసు అంటే సర్బత్ బండి మీద గోనెసంచి కప్పి పెట్టిన దిమ్మ. అంతకు మించి ఐసుతో మాకు పరిచయం లేదు. అలాంటి రాయదుర్గంలో, జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక షెడ్డులో, ఐదుగురం మంచు హాకీ పిచ్చిలో పడ్డామంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడ అసలు నమ్మలేదు. "ఎండకు మెదడు కరిగిపోయింటాది మీకు" అని తేల్చేసింది.

నేను ఆ షెడ్డులో కటింగ్ మాస్టర్ని. గుడ్డ పొరలు పొరలుగా పరిచి, అట్ట ప్యాటర్న్ పెట్టి, సుద్దతో గీసి, మిషన్‌తో కోసి ఇచ్చేది నా పని. నా కోత తప్పితే వంద ప్యాంట్లు తప్పుతాయి కాబట్టి నా నోటికి అందరూ కొంచెం భయపడతారు. ఆ నోటిని మంచిదానికి వాడిన సందర్భాలు తక్కువే.

ఈ పిచ్చి మాకు అంటించింది గేటు దగ్గర వాచ్‌మన్. సైన్యంలో లారీ తోలి, పింఛను తీసుకుని వచ్చినవాడు. షెడ్డంతా ఆయన్ని మిలిటరీ అన్న అనే పిలుస్తుంది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. లడఖ్‌లో పనిచేసినప్పుడు చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆ ఆట చూశాడు. తిరిగొచ్చి ఇన్నేళ్లయినా దాని ధ్యాస పోలేదు. టీ తాగే టైములో నా కటింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి, నున్నటి టేబుల్ మీద ఒక జీన్సు బొత్తాం పెట్టి, నా ఇనుప స్కేలుతో దాన్ని తోసి చూపించేవాడు.

"ఇట్ల జారతాది మాస్టరూ. మన హాకీ మాదిరి గుండ్రటి బంతి గాదు. ఇట్లాంటి బిళ్ల. కాళ్లకు కత్తులు గట్టుకొని పోతాంటారు. కన్ను మూసి తెరిసేలోగా గోలు."

మొదట్లో నేను విసుక్కున్నాను. నా స్కేలు వంగిపోతుందని అరిచాను కూడా. కానీ పది రోజులు తిరక్కుండా నేనే ఇంకో స్కేలు తెచ్చి ఎదురు నిలబడ్డాను. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసే అక్కాచెల్లెళ్లిద్దరు ఒక జట్టు, ఇస్త్రీ ఆయనా నేనూ ఇంకో జట్టు. మిలిటరీ అన్న రిఫరీ. గోలంటే రెండు దారపు రీళ్ల మధ్య సందు. ఫోనులో ఏ దేశాలవో మ్యాచులు వెతికి చూపించేవాడు. వాటిని చూసి అక్క ఒకసారి అంది: "మనకు తాగను నీళ్లు లేకుంటే, వీళ్లు నీళ్లను గడ్డ కట్టిచ్చి దాని మింద ఆడుకుంటాండారు. ఎంత బలుపప్పా!" ఆ మాటకు అందరికన్నా ఎక్కువ నవ్వింది మిలిటరీ అన్నే.

ఆయన మాటల్లో ఒక పిల్ల తరచూ వచ్చేది. వాళ్ల క్యాంపు వెనక చెరువు మీద ఆడే పిల్లల్లో అందరికన్నా చిన్నది, ఎనిమిదేళ్లది. చిన్నది కాబట్టి అందరూ దాన్ని గోలు ముందు నిలబెట్టేవాళ్లు. బిళ్ల తగిలి తగిలి కాళ్లు నల్లగా కమిలిపోయేవి. ఏడ్చేది కాదు, పక్కకు జరిగేది కూడా కాదు. చూడలేక, ఈయన పాత లారీ సీటు రెక్సిన్ కోసి, లోపల కంబళి ముక్కలు కూరి, దబ్బనంతో రెండు ప్యాడ్లు కుట్టి ఇచ్చాడు.

"నేనేమన్నా టైలర్నా? అన్నీ వంకర కుట్లే. కట్టుకుంటే దాని నడుము దాకా వచ్చినాయి. అయినా రెండు సలికాలాలు అవే కట్టుకునింది" అని చెప్పేటప్పుడు ఆయన చేతివేళ్లు దబ్బనం దూస్తున్నట్టే కదిలేవి.

ఒకరోజు ఆయన గేటు వదిలేసి నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. గేటు వదలడం ఆయన చరిత్రలో లేదు. ఫోను నా ముఖం ముందు పెట్టాడు. దేశం జట్టు ఆడవాళ్ల మ్యాచు. గోలు ముందు ఒకమ్మాయి ఎడమ మోకాలు కొంచెం లోపలికి వంచి నిలబడి ఉంది.

"అదేప్పా! ఆ మోకాలు సూడు. ఎనిమిదేండ్లప్పుడూ అట్లే నిలబడతాండె. పేరూ అదే. ఊరూ అదే."

ఆ రోజు నుంచీ మాకు మంచు హాకీ అంటే ఆ అమ్మాయే. మిగతా దేశాలూ మిగతా మ్యాచులూ అన్నీ పక్కకు పోయాయి. ఆ అమ్మాయి ఎన్ని బిళ్లలు ఆపిందో లెక్కపెట్టడం ఇస్త్రీ ఆయన పని.

ఆ మరుసటి ఏడు కబురు తెలిసింది. ఆడవాళ్ల అంతర్జాతీయ టోర్నమెంటు మన దేశంలోనే జరగబోతోంది. ఉత్తరాన కొండల కింద ఒక ఊళ్లో, పైకప్పు కింద యంత్రాలతో గడ్డకట్టించిన మైదానంలో. ఇన్నాళ్లూ పరాయి దేశాలకు పోయి ఆడి వచ్చేవాళ్లు, ఇప్పుడు సొంత నేల మీద ఆడతారు. అదే వారం ఆ అమ్మాయి ఒక వీడియోలో, మోకాళ్లు ఇక సహకరించడం లేదనీ, సొంత దేశంలో ఆడి ఇంతటితో ఆపేస్తాననీ చెప్పింది.

మిలిటరీ అన్న ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో. చివరికి నాతో అన్నాడు: "మాస్టరూ, ఆ పిల్లకు నేను గుర్తుండను. ఉండకున్నా ఏం లేదు. గోలు ఎనకాల అద్దం ఉంటాదంట. ఆ అద్దానికి ఈతట్టు నిలబడి ఒక్కసారి సూడల్ల. అంతే నాకు."

"ఇద్దరం పోదాం పా" అన్నాను. అనడమే కాదు, గుత్తి నుంచి ఢిల్లీకి రెండు టికెట్లు చేయించాను. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి మన జట్టు మ్యాచులు. గురువారం పొద్దున రైలెక్కితే రెండూ చూడొచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు మృగశిర కార్తెకు ఎవరూ ముందుగా ప్రయాణాలు ఖాయం చేసుకోరు. పెళ్లికి పిలిస్తే "వాన పడకుంటే వస్తాం" అంటారు. పిలిచినవాళ్లు దానికి కోపం తెచ్చుకోరు. వాన పడితే మా ఎర్రనేలల్లో విత్తడానికి సరిపడే తడి మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ తడినే పదును అంటాం. పదును రోజున చేనుగలవాడు చేలో లేకపోతే, వాడి ఇంట్లో చావో పుట్టుకో జరిగి ఉండాలి. నాకు కణేకల్లు దారిలో మా పల్లెలో ఏటా వేరుశనగ వేసే ఆరెకరాల మెట్ట ఉంది. నాయన పోయినప్పటి నుంచి మొదటి పిడికెడు విత్తనం విత్తే గొర్రులో వేసేది నేనే. అయినా టికెట్లు చేయించాను. మృగశిరలో వాన ముఖం చూసి చాలా ఏళ్లయింది, ఈసారి మాత్రం ఎందుకు పడుతుందిలే అనుకున్నాను. ఊరందరూ వాన కోసం మొక్కుకుంటుంటే నేను లోలోపల వద్దనుకున్నాను. మెట్ట రైతు కొడుకు అనుకోవలసిన మాటేనా అది?

ఆ నెల రోజులూ షెడ్డులో పండగ. అక్కాచెల్లెళ్లు నీలం గుడ్డ తెచ్చి మా ఐదుగురికీ జట్టు చొక్కాలు కుడతామన్నారు. కోసింది నేను. ప్యాంట్లు ఉతికితే కుంచించుకుపోతాయి కాబట్టి కొలత కన్నా కొంత పెంచి కోయడం నా చేతికి అలవాటు. చేయి అలవాటు చొప్పున పోయింది. ఆ నైలాను గుడ్డ నూరుసార్లు ఉతికినా దారమంత తగ్గదని నాకు చొక్కాలు తొడుక్కున్నాక తట్టింది. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. ముప్పై ఏళ్లుగా కటింగ్ మాస్టర్ని, సిగ్గుతో చచ్చిపోయాను. చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, మిలిటరీ అన్న చొక్కా సరిచేసుకుని గంభీరంగా అన్నాడు: "లోపల ప్యాడ్లు ఏసుకుంటారు గదా, అందుకే ఆడేటోళ్ల సొక్కాలూ ఇట్లే ఉంటాయి. మాస్టరు కరెక్టుగానే కోసినాడు." అబద్ధమో నిజమో తెలియదు కానీ, నా పరువు నిలబెట్టాడు. తన చొక్కా వీపు మీద ఆ అమ్మాయి వేసుకునే నంబరు కుట్టించుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం వాన పడింది. తుంపర కాదు, రెండు గంటల పాటు కుండపోత. షెడ్డు రేకుల మీద మోతకు మిషన్ల చప్పుడు వినబడలేదు. ఆడవాళ్లు పని ఆపి బయటికి పరుగెత్తారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. నేను మాత్రం కత్తెర పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. గేటు దగ్గర మిలిటరీ అన్న గొడుగు కింద నుంచి నా వైపే చూస్తున్నాడు. ఆయనకూ తెలుసు.

బుధవారం పొద్దున్నే పల్లెకు పోయి చేను చూశాను. మట్టి పిడికిట్లో ఉండ కట్టింది. రేపు విత్తాలి, ఎల్లుండికి ఆలస్యం. ట్రాక్టరు ఉన్న ఇంటికి పోతే, "రేపు పొద్దున నీ చేనుకే. డ్రైవరు ఈడే ఉండాడు" అన్నారు. ఆ డ్రైవరు అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "తెల్లారకముందే వస్తాన్నా" అన్నాడు.

అంటే నేను ఒక్కడినే ఆగితే సరిపోతుంది. చేయవలసిందల్లా మిలిటరీ అన్నకు ఫోను చేసి, "నేను రాలేనన్నా, నువ్వు పో" అనడం. టికెట్టు ఆయన దగ్గరే ఉంది. ఫోను తీశాను కూడా.

అప్పుడు నాలో లేచిందాన్ని ఏమనాలి? అసూయే అంటాను, తిన్నగా. నెల రోజులుగా ఇద్దరం కలిసి ఎదురుచూసిందాన్ని ఆయన ఒక్కడే చూసి వస్తాడు. వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడి, అద్దం ఇట్ల ఉండె, ఆ పిల్ల అట్ల నిలబడె అని చెబుతుంటే అందరూ చుట్టూ చేరతారు. నేను గుడ్డ కోసుకుంటూ వినాలి. అది ఊహకే చేదుగా తగిలింది. ఆ అమ్మాయి ఆయన మనిషి, నాకేమీ కాదు. ఆ సంగతి ఆ క్షణాన నాకు గుర్తుకు రాలేదు.

డ్రైవరుతో, "రేపు నువ్వు రావద్దులేప్పా. బండి తోలను నాకు మనిషుండాడు" అన్నాను. తర్వాత మిలిటరీ అన్నకు ఫోను చేశాను.

"అన్నా, బండి దొరికింది గానీ తోలేవాడు లేడు. అత్తగారూరికి పోయినాడంట. రేపొక్క రోజు నువ్వు తోలినావంటే విత్తేసి, శుక్రవారం ఇద్దరం పోదాం. ఆదివారం మ్యాచన్నా సూడొచ్చు."

"సరేప్పా. పదును గదా" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో విషయం విని మా ఆవిడ అడిగింది, "డ్రైవరుండాడు గదా, మిలిటరీ అన్ననన్నా పోనీరాదా?" అని. నీకేం తెలుసు నోర్ముయ్యమని అరిచాను. తప్పు చేసినవాడి గొంతు ఎప్పుడూ పెద్దదే.

గురువారం మొదటి బస్సుకు ఆయన చేనికి వచ్చాడు. చేతిలో ఊరికి సర్దుకున్న బ్యాగు. విత్తడం అయిపోతే అటునుంచి అటే పోవచ్చని తెచ్చుకున్నాడు. అక్కాచెల్లెళ్లు కట్టిచ్చిన బొరుగులూ చెనిక్కాయల పొడీ అందులోనే ఉన్నాయి. బ్యాగు గట్టు మీద పెట్టి, చెప్పులు విడిచి, నేను గొర్రుకు పసుపు రాసి మొదటి పిడికెడు వేసేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత సాయంత్రం దాకా తోలాడు. ఏ డ్రైవరూ నా చేలో అంత తిన్నగా సాళ్లు తీయలేదు. రైలు గుత్తి దాటే వేళకు ఆయన చేను అవతలి గట్టు దగ్గర బండి తిప్పుతున్నాడు. ఒకసారి చేతి గడియారం చూసుకోవడం ఇటునుంచి నాకు కనిపించింది.

శుక్రవారం రైలుకు తత్కాల్ టికెట్లు తెరిచిన రెండు నిమిషాల్లో అయిపోయాయి. అయినా గుత్తికి పోయాం. జనరల్ పెట్టెలో పోతానని ఆయన పట్టుబట్టాడు. రైలు వచ్చింది. జనం తలుపుల్లోంచి బయటికి వేలాడుతున్నారు. ఆయన బ్యాగు భుజానికి తగిలించుకుని, కమ్మీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. లోపలివాళ్లు జరగలేదు. జరగడానికి వాళ్లకూ చోటు లేదు. రైలు కదిలింది. ఆయన నాలుగడుగులు దానితో పాటు నడిచి, కమ్మీ వదిలేశాడు. నేను వెనక నుంచి తోసి ఎక్కించాలా, పట్టుకుని దించాలా తెలియక ఊరికే నిలబడ్డాను.

"పోనీలేప్పా. ఫోన్లో సూద్దాం" అన్నాడు.

ఆదివారం షెడ్డుకు సెలవైనా ఐదుగురం చేరాం. అందరం నీలం చొక్కాల్లోనే వచ్చాం, ఆయన తప్ప. ఆయన వాచ్‌మన్ యూనిఫాంలో ఉన్నాడు. ఫోనును దారపు రీళ్లకు ఆనించి నా టేబుల్ మీద పెట్టాం. బొమ్మ కదిలీ కదలక ఆడింది. బిళ్ల ఎక్కడుందో మాకు సగం సార్లు కనిపించలేదు. ఆ అమ్మాయి ఆపినప్పుడల్లా అక్కడి జనం కేకలు మాత్రం వినబడ్డాయి. మైదానం నిండా జనం, మనవాళ్లే. గోలు వెనక అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డవాళ్లు కనిపించారు. అక్కడ ఇంకో ఇద్దరికి చోటు ఉండేదనిపించింది. మనవాళ్లు ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఆ అమ్మాయి ముఖం మీది ముసుగు తీసి, గోలు కమ్మీని ఒకసారి చేత్తో నిమిరి, వంగి మంచును తాకి, చేయి నుదుటికి ఆనించుకుంది. చెల్లెలు ఏడ్చేసింది. మిలిటరీ అన్న లేచి, "గేటు కాడ ఎవురో వచ్చినట్టుండారు" అంటూ బయటికి పోయాడు. గేటు దగ్గర ఎవరూ లేరు.

చేను సంగతీ చెప్పేస్తాను. మొలక బాగా వచ్చింది, పూత కూడా పట్టింది. తర్వాత చినుకు లేదు. కాయ కట్టాల్సిన ఊడలు నేలలోకి దిగలేక ఎండిపోయాయి. తిన్నగా తీసిన ఆ సాళ్లలో చివరికి గొర్రెల్ని తోలాం. పంట వచ్చి ఉంటే దాన్ని చూపించి నన్ను నేను సమాధానపరుచుకునేవాడినేమో. ఆ అవకాశమూ లేకపోయింది.

ఆయన ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు కష్టమైంది. పది మందిలో నిలదీసి ఉంటే అరిచేవాడిని, అరిచి తేలికపడేవాడిని. టీ టైముకు వచ్చేవాడు, ఆర్డర్ల గురించీ ఎండల గురించీ మాట్లాడేవాడు. బొత్తాం మాత్రం టేబుల్ మీద పెట్టలేదు. ఇస్త్రీ ఆయన ఒకసారి స్కేలు అందుకుంటే, "ఇంగ సాల్లేప్పా" అన్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున ఇద్దరం గేటు దగ్గర టీ తాగుతున్నాం. ఆయన మామూలుగా, రోడ్డు మీద పోయే బస్సును చూస్తూ అన్నాడు: "ఆ పొద్దు మీ ఊరి కాడ బస్సు దిగినప్పుడు, టీ అంగడి ముందర మీ ట్రాక్టరు డ్రైవరు కూసోనుండె. 'నువ్వేనంట గదన్నా బండి తోలేది, మాస్టరు నన్ను రావద్దన్యాడు' అని ఆ పిల్లోడే పలకరిచ్చినాడు."

అంటే చేనికి రాకముందే ఆయనకు తెలుసు. బ్యాగు చేతిలో ఉంది, టికెట్టు జేబులో ఉంది. కారు మాట్లాడుకుని గుత్తికి పోయి ఉంటే రైలు అందేదేమో. అయినా వచ్చి చెప్పులు విడిచి నా చేలో నిలబడ్డాడు.

"తెలిసీ ఎందుకు పోలేదన్నా?" అన్నాను.

"నీ నోరు దురుసుగానీ నువ్వు అబద్ధాలాడేవానివి కాదు. అట్లాంటోనివి ఆడినావంటే, ఎంత అగత్యముంటే ఆడినావో అనుకొంటి. కూలి డ్రైవరు గొర్రు లోతు పట్టకుండా తోలతాడని భయపడినావేమో, నీ చేను నా చేతుల్లో పెట్టల్లనుకున్నావేమో అనుకొంటి. ఆ పిల్లను నేను సూడకున్నా అది గోలు కాడ నిలబడతాది. నీ చేను అట్ల కాదు గదా."

ఆయన గ్లాసు కింద పెట్టి, మొదటిసారి నా కళ్లలోకి చూసి అడిగాడు.

"చేను కోసమే గదప్పా?"

చెప్పవలసింది చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఆయన కోప్పడేవాడు కూడా కాదేమో.

"చేను కోసమే అన్నా" అన్నాను.